తాబేలుకు పర్మిట్ ఎవరిస్తారు?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటయిందో ఆ మాస్టారు మద్రాసులో తరతరాల పిల్లలకు జంతుశాస్త్రం చెప్పారు. ఫార్మలిన్ సీసాల్లో తెల్లబడిపోయిన పాములను చూపించి పాఠం ముగించే రకం కాదట. పిల్లల్ని వెంటబెట్టుకుని గిండీ పార్కు దాకా నడిపించుకు వెళ్ళేవారట. నేను ఆయన విద్యార్థిని కాను, వకీలుని. అడవిశాఖ కేసుల్లో ఒకసారి ఇటువైపు, ఒకసారి అటువైపు నిలబడినవాణ్ణి. నిర్వాహకులు పర్యావరణం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నేను మోయలేను. ఈ ఊళ్ళో నన్ను తరచూ అడిగే ఒక చిన్న ప్రశ్న ఉంది, దాని దగ్గరే ఉంటాను.

“సార్, ఇంట్లో నక్షత్ర తాబేలు పెంచుకోవాలంటే పర్మిట్ ఎక్కడ ఇస్తారు?”

అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు ఇస్తుంది, తుపాకీకి కలెక్టరు ఇస్తాడు, తాబేలుకు కూడా ఎక్కడో ఒక కౌంటరు ఉంటుందనుకుంటారు. లేదు. వేలచ్చేరిలోని అటవీ కార్యాలయంలో లేదు, ఢిల్లీలోనూ లేదు. మన దేశంలో పుట్టిన, రక్షణ జాబితాలో ఉన్న ఏ సరీసృపాన్నీ ముచ్చటపడి ఇంట్లో పెంచుకోవడానికి అనుమతి ఇచ్చే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు. నేను అడవిలోంచి తేలేదు, కొనుక్కున్నానండీ అంటే కుదరదు. ఎవరో ఇచ్చారన్నా, దానంతట అదే వాకిట్లోకి వచ్చిందన్నా కుదరదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పని చాలా తెలివిగా చేసింది. తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. చట్టం లెక్కలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, వల వేయడం, బెదిరించి తోలడం కూడా వేటే. ముప్ఫై తొమ్మిదో సెక్షన్ ఇంకా దూరం వెళ్ళింది. చట్టానికి విరుద్ధంగా పట్టిన, ఉంచుకున్న జంతువు ప్రభుత్వ ఆస్తి అయిపోతుంది. అలాంటిది చేతికొచ్చినవాడు 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో అధీకృత అధికారికో చెప్పాలి. ఇంట్లో తాబేలు ఉన్న పెద్దమనిషి తనను తాను యజమాని అనుకుంటాడు. చట్టం దృష్టిలో అతను సర్కారు సొత్తును దాచుకున్నవాడు. 2022 సవరణతో జరిమానాలూ పెరిగాయి. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, జరిమానా పాతిక వేలకు తగ్గకుండా. నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ, మొసలి అన్నీ అక్కడే ఉన్నాయి, పులి పక్కనే.

ఇక మన పల్లెల సంగతి. బావిలో తాబేలు వేస్తే నీళ్ళు తేటగా ఉంటాయని తరాలుగా వేస్తూనే ఉన్నాం. ఆ చిప్ప తాబేలు కూడా మొదటి షెడ్యూలులోనిదే. కోస్తాలో, రాయలసీమలో, ఇటు తిరువళ్ళూరులో ఎన్ని బావుల మీద కేసు పెట్టాలి? ఎవరూ పెట్టరు. చట్టాన్ని రాసినవాళ్ళకూ ఆ బావులు కనబడి ఉండవు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువును కూర్మావతారంగా కొలుస్తారు, గుడి ప్రాంగణంలోనే నక్షత్ర తాబేళ్ళు తిరుగుతుంటాయి. తాబేళ్ళ విషయంలో భక్తికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ చట్టంలో లేదు. ఆ తాబేళ్ళ క్షేమం గురించి అప్పుడప్పుడూ రేగే వివాదాలు చూస్తుంటే, దేవుడి రూపమైనంత మాత్రాన ఒక ప్రాణికి సరైన మేత, సరైన నేల దొరుకుతాయన్న హామీ లేదని తెలుస్తుంది.

ఇదే ప్రశ్న సిడ్నీలో ఉన్న మన తెలుగు కుటుంబం అడిగితే జవాబు తలకిందులవుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో కార్పెట్ కొండచిలువను, నీలినాలుక బల్లిని, గడ్డం బల్లిని లైసెన్సు తీసుకుని ఇంట్లో పెంచుకోవచ్చు. అవన్నీ ఆ దేశపు ప్రాణులే. లైసెన్సున్న పెంపకందారు దగ్గరే కొనాలి, అడవిలోంచి తేకూడదు, లెక్క రాయాలి. అదే సిడ్నీలో మన నక్షత్ర తాబేలును పెంచుకోవడం నేరం. విదేశీ సరీసృపం ఏదీ అక్కడ పెంపుడు జంతువు కాకూడదు. మన దగ్గర స్వదేశీ ప్రాణికి తలుపు మూసి ఉంది, విదేశీ ప్రాణికి రిజిస్టరు తెరిచి ఉంది.

ఆ రిజిస్టరు పుట్టిన తీరు ఇది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక అవకాశం ఇచ్చింది. మీ దగ్గరున్న విదేశీ జంతువుల వివరాలు ఆరు నెలల్లోగా చెప్పేయండి, ఎలా వచ్చాయో కాగితాలు అడగం అంది. 2022 సవరణ, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాల్లోని జీవులను నాలుగో షెడ్యూలుగా మన చట్టంలోకి తెచ్చి, వాటిని ఉంచుకునేవాళ్ళు నమోదు చేసుకోవాలంది. 2024 ఫిబ్రవరిలో ఆ నమోదు నియమాలు వచ్చాయి. పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి చూస్తారు. పిల్ల పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి.

రిజిస్టరు ఉండటం మంచిదే, ఎవరి ఇంట్లో ఏముందో తెలియడమే మేలు. కాకపోతే ఈ రిజిస్టరు ఎవరికి పనికొచ్చిందో మీనంబాక్కం విమానాశ్రయానికి వెళితే తెలుస్తుంది. 2023 ఏప్రిల్ చివర కౌలాలంపూర్ నుంచి దిగిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు, ఒక ఊసరవెల్లి దొరికాయి. డబ్బాల్లో పెట్టి తెచ్చారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, కస్టమ్స్ అధికారి పొడుగాటి కర్రతో వాటిని నేలమీద సర్దుతుంటాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అలాంటి కేసులు ఈ విమానాశ్రయంలో కొత్త కాదు. పెట్టె ఎక్కడో ఒకచోట కస్టమ్స్ కన్నుగప్పి బయటపడితే, లోపలి ప్రాణి కొన్ని నెలలకు “ఇక్కడే పుట్టిన పిల్ల” అయి అమ్మకానికి వస్తుంది.

ఇది అంత పెద్ద విషయమా అనేవాళ్ళు కొళత్తూరు అలంకార చేపల బజారులో ఒక సాయంత్రం తిరిగి రండి. గాజుతొట్టెలో రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ తాబేలు పిల్ల, చెవి దగ్గర ఎర్రటి గీత. మిసిసిపీ నది పరీవాహక ప్రాంతపు ప్రాణి అది. కొన్నేళ్ళలో తొట్టె పట్టనంత అవుతుంది, కంపు కొడుతుంది, కొరుకుతుంది. అప్పుడు దాన్ని పుణ్యానికని ఏ గుడి కోనేటిలోనో ఏ చెరువులోనో వదులుతారు. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జీవులని ఎంచిన వంద పేర్ల జాబితాలో దాని పేరుంది. మన చెరువు తాబేలు తినే మేతే అదీ తింటుంది, మన తాబేలు ఎండకు ఎక్కే రాయే అదీ ఎక్కుతుంది.

మరి మన నక్షత్ర తాబేలుకు సిడ్నీ తరహా లైసెన్సు ఎందుకు ఇవ్వకూడదు? ఫారాల్లో పెంచి, చిప్ వేసి, ధర తగ్గించి అమ్మితే దొంగతనం ఆగుతుంది కదా అని చదువుకున్నవాళ్ళే నాతో వాదిస్తారు. ఈ వాదనను తేలిగ్గా తీసెయ్యలేను. ఆస్ట్రేలియాలో అది చాలావరకు నడుస్తోంది. కానీ మన తాబేలు కథ వేరు. అనంతపురం, చిత్తూరు, కడప పొదల నేలల్లో, ఇటు తమిళనాడు మెట్టభూముల్లో, పైన గుజరాత్, రాజస్థాన్ దాకా అది తిరుగుతుంది. వాన పడగానే బయటికి వస్తుంది, మేకలు కాసే పిల్లవాడి కంట్లో పడుతుంది. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం దేశంలోని ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 తాబేలు పిల్లలు పోయాయి. ఒక్క కేంద్రం! పట్టినవాడికి దక్కేది ఒకపూట కూలి. బ్యాంకాక్‌లోనో కౌలాలంపూర్‌లోనో అమ్మేవాడికి దక్కేది వేరే లెక్క. మధ్యలో మద్రాసు రేవూ విమానాశ్రయమూ ఉన్నాయి.

అంత చవగ్గా అడవిలోంచి దొరికే ప్రాణికి ఫారం లైసెన్సు ఇస్తే ఏమవుతుందో ఊహించక్కర్లేదు. గుడ్డు పెట్టించి, పొదిగించి, ఏళ్ళ తరబడి మేపే ఖర్చు ఎవడూ పెట్టడు. అడవి పిల్లకు ఫారం కాగితం అంటిస్తాడు. 2019 దాకా అంతర్జాతీయ వ్యాపారంలో పెంపకంలో పుట్టినవన్న కాగితాలు చెల్లుబాటయ్యాయి. ఆ ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ సభలో మన తాబేలును మొదటి అనుబంధంలోకి మార్చి ఆ వ్యాపారానికి దాదాపుగా అడ్డుకట్ట వేశారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అడవి పిల్లకూ ఫారం పిల్లకూ తేడా చెప్పలేని ఇన్‌స్పెక్టరు చేతికి పర్మిట్ పుస్తకం ఇవ్వకూడదు. ఈ విషయంలో చట్టం మొండితనమే సరైనది.

పట్టుబడ్డవాటిని తిరిగి అడవిలో వదిలేస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. సింగపూర్‌లో స్మగ్లర్ల దగ్గర దొరికిన నక్షత్ర తాబేళ్ళను ఒకసారి హైదరాబాద్‌కు తెచ్చారు. వాటి డీఎన్‌ఏను సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. అన్నీ ఒకే చోటివి కావని తేలింది. ఏ నేలదో తెలియకుండా ఏ నేలలో వదులుతాం? ఒకసారి ఎత్తిన తాబేలును తిరిగి దాని చోటే పెట్టడం ఎత్తినంత సులువు కాదు.

ఇంతకీ చట్టంలో పర్మిట్ అన్న మాటే లేదా అంటే ఉంది, పన్నెండో సెక్షన్‌లో ఉంది. చదువుకు, పరిశోధనకు, శాస్త్రీయ నిర్వహణకు, గుర్తింపు పొందిన జంతుప్రదర్శనశాలలకు, మ్యూజియాలకు అనుమతి ఇవ్వొచ్చు. చివర ఒక చిన్న అక్షరం పక్కన, ప్రాణరక్షక మందుల తయారీకి పాము విషం సేకరించడానికి కూడా ఇవ్వొచ్చంది. ఆ ఒక్క వాక్యం మీద ఈ ఊరి పొలిమేరల్లో కొన్ని వందల కుటుంబాలు బతుకుతున్నాయి.

మహాబలిపురం దారిలో వడనెమ్మెలి దగ్గర మొసళ్ళ బ్యాంకు ఉంది. అక్కడే పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో ఏర్పడింది. అంతకు ముందు ఇరుళర్లు పామును చర్మం కోసం పట్టేవారు. మద్రాసు తోళ్ళ వ్యాపారులు కొనేవారు, ఆ తోలు బెల్టులై, చేతిసంచులై యూరప్ వెళ్ళేది. 1972 చట్టం, 1976లో చర్మాల ఎగుమతి నిషేధం వాళ్ళ పొయ్యిలో నీళ్ళు పోశాయి. పాములు బతికాయి, పాములు పట్టేవాళ్ళు పస్తులున్నారు. గిండీ పాముల పార్కు స్థాపించిన రోములస్ విటేకర్ వాళ్ళతో కలిసి వేసిన దారి ఈ సంఘం. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. 2023లో ఇద్దరు ఇరుళర్లు మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు కూడా పద్మశ్రీ వచ్చింది. ఏ కాలేజీకీ వెళ్ళకుండా పుట్టమన్ను చూసి, జారిన గుర్తు చూసి లోపల ఏ పాముందో చెప్పే మనుషులు వాళ్ళు.

వాళ్ళ పర్మిట్ ఎలా ఉంటుందో చూడండి. నాలుగు జాతులకే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఏడాదికి ఏ జాతి ఎన్ని పట్టొచ్చో ప్రభుత్వం అంకె ఇస్తుంది. ఏ జిల్లాల్లో పట్టాలో కూడా చెబుతుంది. తెచ్చిన పామును ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి మూతికి గుడ్డ కడతారు. సుమారు మూడు వారాలు ఉంచి నాలుగుసార్లు విషం తీస్తారు. పొట్ట కింది పొలుసు ఒకటి కత్తిరించి గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. మళ్ళీ అదే పాము దొరికితే గుర్తు చూసి పక్కన పెడతారు. జాతి, లెక్క, గడువు, తిరిగి వదలడం — పర్మిట్ అంటే ఇదీ. స్వాధీనానికి కాదు, పనికి ఇచ్చిన అనుమతి. పెంచుకుంటానని అడిగేవాళ్ళకు నేను ఈ కుండలు చూసి రమ్మని చెబుతుంటాను.

అయితే ఈ పర్మిట్‌కూ కష్టకాలం వచ్చింది. 2022 సవరణలో నాగుపాము, రక్తపింజర కూడా మొదటి షెడ్యూలుకు ఎక్కాయి. ఆ షెడ్యూలు జంతువుకు పన్నెండో సెక్షన్ అనుమతి ఇవ్వాలంటే కేంద్రం ముందుగా ఒప్పుకోవాలి. ఫైలు చెన్నై నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి చెన్నైకి. ఈలోగా పాములు దొరికే కాలం గడిచిపోతే ఇరుళరు ఇంట్లో ఆ ఏటి కూలి పోయినట్టే. నాగుపామును పులి సరసన కూర్చోబెట్టినవాళ్ళకు ఆ కుండలు గుర్తున్నాయో లేదో నాకు అనుమానమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ తీసిన విషమే హైదరాబాద్ విన్స్ లాంటి కంపెనీలకు వెళ్ళి, గుర్రాల్లో ప్రతివిషమై, దేశమంతటా ఆసుపత్రులకు చేరుతుంది. పాముకాటుతో 2000 నుంచి 2019 దాకా దేశంలో దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది, ఏడాదికి సగటున 58,000. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా చెబుతున్నారు. రాజస్థాన్ రక్తపింజరకూ చెంగల్‌పట్టు రక్తపింజరకూ విషంలో తేడా ఉంటే, చెంగల్‌పట్టు విషంతో చేసిన మందు అక్కడ అంత బాగా పనిచేయకపోవచ్చు. అంటే ఒక రాష్ట్ర అటవీశాఖ పర్మిట్‌లో రాసిన రెండు మూడు జిల్లాల పేర్లే దేశమంతటి మందుకు ఎల్లలైపోయాయి.

మాసి సడయన్, వడివేల్ గోపాల్ పేర్లు చెప్పాను కదా, వాళ్ళ గురించి ఇంకో ముక్క. 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వాళ్ళను పిలిపించుకుంది. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు పెరిగిపోయి కుందేళ్ళను, రాకూన్‌లను, జింకల్ని మింగేస్తున్నాయి. ముచ్చటపడి కొనుక్కుని, పెరిగాక వదిలేసిన పెంపుడు పాముల సంతతి అది. కుక్కలు పెట్టి వెతికారు, వేట పోటీలు పెట్టారు, లాభం లేకపోయింది. మనవాళ్ళు కత్తులు, గునపాలు పట్టుకుని వెళ్ళి తొలి రోజుల్లోనే 13 పాములు పట్టారు. పెంపుడు జంతువుల కొట్లో పుట్టిన తప్పును దిద్దడానికి మహాబలిపురం దారి నుంచి మనుషులు పోవాల్సి వచ్చింది. ఫ్లోరిడా ఆ పామును ఇప్పుడు పెంపకానికి ఇవ్వదు. మన రిజిస్టరులో మాత్రం ఏ విదేశీ పాము మన వాతావరణంలో బతికి బట్టకడుతుందో వేరు చేసే వరస లేదు. నమోదు కావాలి, సరే. కొన్ని జాతులకు నమోదు కూడా ఉండకూడదు, నిషేధమే ఉండాలి. మద్రాసు ఎండకూ వానకూ తట్టుకునే కొండచిలువలు, చెరువు తాబేళ్ళు ఆ జాబితాలో ముందుండాలి.

ఇంకొక్క ప్రమాదం త్వరగా చెప్పి ముందుకెళ్తాను. 2020 మేలో కేరళ కొల్లం జిల్లాలో ఒక భర్త పాములు పట్టేవాడి దగ్గర నాగుపాము కొని భార్యను కరిపించి చంపాడు. మరుసటి ఏడాది శిక్ష పడింది. హత్య జరిగిన ఏడాదే కేరళ అటవీశాఖ పాములు పట్టే స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ, ధ్రువపత్రం పద్ధతి తెచ్చింది. ఇళ్ళలోకి వచ్చే పామును పట్టి వదిలే కుర్రాళ్ళు మన చెన్నైలోనూ, హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఉన్నారు. వాళ్ళు పామును ఒక రాత్రి డబ్బాలో ఉంచుకుంటే అది సేవా, నేరమా? చట్టం చూస్తే గీత సన్నంగా ఉంది. కేరళలా గుర్తింపు ఇచ్చి, పట్టిన చోటు, వదిలిన చోటు రాయించుకుంటే వాళ్ళకూ రక్షణ, పాముకూ రక్షణ. ఫేస్‌బుక్ వీడియోల కోసం పామును మెడలో వేసుకునేవాళ్ళను ఏరిపారేయడానికీ అదే దారి.

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. 1781లో విశాఖపట్నం వచ్చిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం రాసి 1796లో అచ్చువేయించాడు. పాములు అతని దగ్గరికి ఎవరు తెచ్చారు? పేరు లేని మన తెలుగువాళ్ళే. ఏ పాముకు ఏం పేరో చెప్పింది వాళ్ళే, అతను ఆ తెలుగు పేర్లు అలాగే రాసుకున్నాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో అతని పేరు మిగిలింది, తెచ్చినవాడి పేరు మిగలలేదు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల యానాదులకు ఎలుకల కన్నాలు, పాము పుట్టలు ఇప్పటికీ తెలుసు. శ్రీహరికోట రాకెట్ల కోసం ఖాళీ అయినప్పుడు దీవి వదిలి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళే. సరిహద్దుకు ఇవతల ఇరుళర్లు చేసిన పని అవతల యానాదులు చేయలేరని నేను అనుకోను.

అందుకే నేను అడిగేది తాబేలు పర్మిట్ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీశాఖలు యానాదుల సహకార సంఘానికి, అలాంటి పని తెలిసిన వాళ్ళకు పన్నెండో సెక్షన్ కింద పాము విషానికి అనుమతి ఇవ్వాలి. గోదావరి రక్తపింజరకు గోదావరి విషంతో మందు తయారు కావాలి. అంకె, గడువు, పొలుసు గుర్తు, వదిలిన చోటు — అన్నీ వడనెమ్మెలి కుండల పద్ధతిలోనే. కేంద్రం ముందస్తు అనుమతికి ఒక గడువు పెట్టాలి. ఇంట్లో ఇప్పటికే తాబేలు ఉన్నవాళ్ళు భయపడి రాత్రిపూట చెరువులో పారేయకండి, అటవీశాఖకు అప్పగించండి. ఎలా అప్పగించాలో తెలియకపోతే సభ అయ్యాక నన్ను పలకరించండి. యానాదుల సంఘం పేరిట దరఖాస్తు రాయాలని ఎవరైనా ముందుకొస్తే ఆ పని నేనే చేసిపెడతాను, ఫీజు తీసుకోను.